పక్కవాద్యాన్ని నడిమికి తెచ్చిన నాయుడుగారు

గరివిడి స్టేషన్లో రైలెక్కితే గంట తిరక్కుండా విజయనగరంలో దిగొచ్చు. మా వైపు పాతవాళ్లు ఇప్పటికీ ఇజీనారం అనే అంటారు. పెళ్లిబట్టలకీ, పెద్దాసుపత్రికీ, పిల్లల కాలేజీలకీ మాకు అదే దిక్కు. మా అమ్మాయి ఏడో క్లాసులో ఉండగా దాన్ని తీసుకుని అలాగే వెళ్లాను, కళ్లద్దాల కోసం. బోర్డు మీద అక్షరాలు కనపడక నోట్సు సగం సగం రాసుకొచ్చేది. బళ్లో దాన్ని మొద్దు కింద జమకట్టేశారు. నేనూ రెండుసార్లు కేకలేశాను, ఆ సంగతి దాచుకోవడం ఎందుకు? డాక్టరుగారు రాసిచ్చిన అద్దాలు సీసా అడుగంత మందం. అవి పెట్టుకున్నాక పిల్ల తలెత్తి నా మొహం చూడలేదు.

రైలుకి ఇంకా టైముందని సంగీత కళాశాల వైపు నడిచాం. లోపల ఎవరో పిల్లలు ఫిడేలు మీద సరళీస్వరాలు వాయిస్తున్నారు. చూపు సరిగా లేక చదువు మానేసిన ఒక కుర్రాడు ఈ కాలేజీకే ప్రిన్సిపాలయ్యాడని దానికి చెప్పాను. ఎవరమ్మా అని అడిగింది. తిరుగు రైల్లో నేను చెప్పగలిగింది సగం కథే. ఆ తర్వాత చదివీ, పెద్దవాళ్లని అడిగీ, పాత రికార్డులు వినీ తెలుసుకున్నదంతా కలిపి ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఆయన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. మన తెలుగునాట చాలామందికి ఫిడేలు నాయుడుగారు అంటేనే తెలుస్తుంది.

అన్నగారే తొలి గురువు

1893 నవంబరు 8, దీపావళి రోజున బెంగుళూరులో పుట్టారాయన. తండ్రి సైన్యంలో ఉద్యోగి. తర్వాత ఆ కుటుంబం విశాఖపట్నం వచ్చి స్థిరపడింది. పిల్లవాడి పెంపకమంతా అక్కడే.

చిన్నప్పట్నించీ కంటిచూపు మందం. పుస్తకంలో అక్షరం ఆనేది కాదు. హైస్కూలు దాటకుండానే చదువు ఆగిపోయింది. ఆ రోజుల్లో ఉద్యోగస్తుల ఇంట్లో మగపిల్లాడి చదువు ఆగిపోవడమంటే చిన్న విషయమా? ఇంటిల్లిపాదికీ దిగులే. అయితే ఆ ఇంట్లో ఫిడేలు ఉంది. అన్నగారు వెంకటకృష్ణయ్యగారు వాయించేవారు. తమ్ముడి చేతికి కమాను ఇచ్చి ఆయనే పాఠం మొదలెట్టారు. చూపు లేనిచోట చెవి పనిచేసింది.

మన సంగీతంలో ఆ వెసులుబాటు ఉంది. కాగితం ముందు పెట్టుకుని వాయించే పద్ధతి కాదు మనది. గురువు వాయిస్తాడు, శిష్యుడు వింటాడు, విన్నది చేతికి తెచ్చుకుంటాడు. ఫిడేలు మీద స్వరం ఎక్కడుందో చూపించే మెట్లు కూడా ఉండవు. వీణకైతే మెట్లుంటాయి, హార్మోనియానికి మీటలుంటాయి. ఫిడేలుకి నున్నటి పలక, దానిమీద నాలుగు తీగలు, అంతే. వేలు నూలుపోగంత జరిగితే అపస్వరం. కళ్లున్నవాళ్లయినా అక్కడ చెవినే నమ్ముకోవాలి.

పరాయి వాద్యం మనదైంది

ఫిడేలు మనది కాదన్న సంగతి మీకు తెలిసిందే. తెల్లదొరలతో వచ్చింది. దాదాపు రెండొందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితర్ దాన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతానికి తెచ్చారు. ఆయన ముత్తుస్వామి దీక్షితర్‌కి తమ్ముడు. వాళ్లు నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తే, మనవాళ్లు బాసింపట్టు వేసుకుని, ఫిడేలు ఒక కొస ఎదకీ రెండో కొస కుడికాలి మడమకీ ఆనించి కూర్చున్నారు. అలా కూర్చుంటే వాద్యం బరువు ఎడమచేతి మీద పడదు. చెయ్యి తీగ పొడుగునా స్వేచ్ఛగా జారుతుంది. మన గమకాలు పలకాలంటే ఆ జారుడే ప్రాణం. శ్రుతి కూడా మార్చి స, ప, స, పలకి సరిచేసుకున్నారు. బయట నుంచి వచ్చిన కోడలు ఇంటి పద్ధతులన్నీ నేర్చుకుని, చివరికి ఆవిడ లేకపోతే ఇల్లు నడవనట్టు అయింది ఫిడేలు సంగతి.

అయినా దాని చోటు మాత్రం పక్కనే. నడుమ గాయకుడు, ఓ పక్క ఫిడేలు, ఇంకో పక్క మృదంగం. పక్కవాద్యం అని పేరే ఉంది కదా.

ఆ పని తేలికని మాత్రం అనుకోకండి. గాయకుడు రాగాలాపన చేస్తుంటే ఓ వెంట్రుకవాసి వెనకగా నీడలా వెళ్లాలి. ఆయన ఊపిరి తీసుకునేచోట ఆ స్వరాన్ని పట్టి నిలబెట్టాలి. తన వంతు వచ్చినప్పుడు, ఆయన అరగంట పాడిన రాగాన్ని ఐదు నిమిషాల్లో అందంగా చెప్పాలి. మరీ బాగా చెప్తే గాయకుడికి కోపం, చెప్పకపోతే సభకి కోపం. ముందుగా రిహార్సలేమీ ఉండదు. రోజూ పొద్దున్నే లేచి నలుగురి అవసరాలూ వాళ్లు అడక్కముందే కనిపెట్టి అందించే మనకి ఆ విద్య కొత్తదేం కాదు!

విద్యార్థిగా వెళ్లి...

1919లో విజయనగరం మహారాజావారు విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాల పెట్టారు. తొలి ప్రిన్సిపాలు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఇరవయ్యారో ఏట వెంకటస్వామి నాయుడుగారు అక్కడికి విద్యార్థిగా చేరదామని వెళ్లారని చెప్పుకుంటారు. దాసుగారు ఓసారి వాయించమని విన్నారట. విన్నాక విద్యార్థిగా చేర్చుకోలేదు, ఫిడేలు ఆచార్యుడిగా వేసుకున్నారు. బడిలో బల్ల దొరకని మనిషికి పాఠం చెప్పే పీట దొరికింది. 1936లో దాసుగారి తర్వాత ఆ కాలేజీకి నాయుడుగారే ప్రిన్సిపాలయ్యారు.

ఇక్కడ పాఠాలు చెబుతూనే మద్రాసు సభలకి వెళ్లి పేరుమోసిన గాయకులకి పక్కన వాయించారు. అక్కడ పాడేవాళ్లలో చాలామంది తమిళులు, పాడే కీర్తనలు చాలావరకు త్యాగరాజస్వామి తెలుగు. ఆ మాటల విరుపు తెలిసిన చెయ్యి పక్కనుంటే పాటకి ఎంత నిండుదనమో ఊహించండి. మైసూరు చౌడయ్య, కుంభకోణం రాజమాణిక్కం పిళ్లె, మన ద్వారంవారు - ఈ ముగ్గుర్నీ ఫిడేలు త్రిమూర్తులని అన్నారు.

మైకులు సరిగా లేని కాలం. వెనక వరస దాకా నాదం వినపడాలని చౌడయ్యగారు తన ఫిడేలుకి ఏడు తీగలు బిగించుకున్నారు. నాయుడుగారు నాలుగు తీగలతోనే ఉండిపోయారు. కమానుని నిండుగా, పొడుగ్గా లాగి, ఆ నాలుగింటితోనే నాదం రాబట్టారు. ఎవరి దారి వారిది, రెండూ గొప్పవే. ఉన్నదాంతోనే సరిపెట్టుకోవడం వేరు, ఉన్నదాంట్లోంచి మొత్తం పిండడం వేరు. నాయుడుగారిది రెండోది.

నడిమి పీట

1938లో తమిళనాడులోని వెల్లూరులో ఓ కచేరీ జరిగింది. వేదిక మీద గాయకుడు లేడు. నడుమ ఫిడేలు పట్టుకుని నాయుడుగారు కూర్చున్నారు. ఫిడేలుతో సోలో కచేరీ అన్న ఆలోచనకి ఆద్యుడిగా ఆయన్నే చెబుతారు. మాటల్లేకుండా కీర్తన ఏమిటని అనుకోవచ్చు. కానీ ఆయన వాయిస్తే సాహిత్యం ఎక్కడ విరగాలో అక్కడే కమాను విరుగుతుంది. కీర్తన తెలిసినవాళ్లకి అక్షరాలు వినపడతాయి. ఏళ్ల తరబడి పక్కన కూర్చుని గాయకుల ఊపిరి కనిపెట్టిన ఫలితం అది. పక్కన ఉన్న కాలం వృథా కాలేదు, నడుమకొచ్చాక అదే పెట్టుబడి అయింది. అలాగని పక్కవాద్యాన్ని చిన్నచూపూ చూడలేదు.

మూడేళ్ల తర్వాత, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1952లో యెహుదీ మెనూహిన్ మన దేశం వచ్చారు. ప్రపంచమంతా తిరిగి వాయించిన ఫిడేలు విద్వాంసుడు. మద్రాసులో జస్టిస్ పి.వి.రాజమన్నారుగారింట్లో నాయుడుగారి వాయిద్యం విని ముగ్ధుడయ్యారు. వాళ్ల వాద్యం మన చేతిలో ఇలా పలుకుతుందా అని ఆ దేశాల మనిషికి అనిపించే ఉంటుంది. కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు, ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ, 1957లో పద్మశ్రీ కూడా వచ్చాయి. అరవయ్యో పడిలో ఉన్న ఆ మనిషి కళ్లద్దాల మందం మాత్రం తగ్గలేదు.

మూడు నిమిషాల పళ్లెం

గ్రామఫోను రికార్డుల సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. మన దేశంలో రికార్డింగు 1902లో మొదలైంది. తొలి తారల్లో కలకత్తా గౌహర్ జాన్ ఒకరు. పెద్ద పెద్ద ఉస్తాదులు ఆ గొట్టం ముందు పాడడానికి వెనకాడుతుంటే ధైర్యం చేసింది ఆడవాళ్లే. నాయుడుగారి కాలానికి మైకుతో రికార్డు చేయడం వచ్చింది. అయినా పళ్లెం మీద ఒక్కో వైపు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ, అంతే పట్టేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పళ్లెం, లక్క కలిపి చేసింది, చెయ్యి జారితే పెంకులే.

సభలో ముప్పావుగంట విస్తరించే రాగాన్ని మూడు నిమిషాల్లో చెప్పాలి. నేరుగా మైనం మీద గీసుకుపోయే రికార్డింగు కాబట్టి మధ్యలో తప్పు దొర్లితే అతుకు వెయ్యడం కుదరదు, మళ్లీ మొదట్నించీ వాయించాల్సిందే. పక్కవాద్యంగా ఐదు నిమిషాల్లో రాగాన్ని తేల్చి చెప్పే అలవాటు ఇక్కడా అక్కరకొచ్చి ఉంటుంది. గాయకుల రికార్డులు చాలావాటి మీద పక్కవాద్యం వాళ్ల పేరే ఉండేది కాదు. అలాంటి రోజుల్లో ఫిడేలు సోలో అని, వాయించినవారి పేరుతో పళ్లేలు రావడం, వాటిని జనం కొనుక్కుని ఇళ్లలో వినడం చిన్న మార్పు కాదు. సభలకి వెళ్లే వీలులేని ఆడవాళ్లకి ఆ పళ్లేలూ, తర్వాత రేడియో కచేరీలే సభ.

ఆయన రికార్డు మొదటిసారి విన్నప్పుడు నాకు గరగర తప్ప ఏమీ అర్థం కాలేదు. రెండోసారి ఆ గరగర వెనక సన్నగా, తిన్నగా సాగే గీత లాంటి నాదం దొరికింది. ఎక్కడా తొందర లేదు. మూడు నిమిషాలే ఉన్నాయన్న కంగారు అసలే లేదు.

ఇంట్లోనూ, ఊళ్లోనూ

నాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లోనే ఘంటసాల అనే కుర్రాడు మాధుకరం ఎత్తుకుని తింటూ ఆ కాలేజీలో చదువుకున్నాడు. నూకల చినసత్యనారాయణగారు నాయుడుగారి శిష్యులు. నాయుడుగారి అబ్బాయి భావనారాయణరావుగారి దగ్గర సంగీతం నేర్చిన విజయనగరం అమ్మాయి పి.సుశీలగారు. ఆవిడ గొంతు వినని తెలుగిల్లు ఉందా?

నాకు మరీ నచ్చిన సంగతి ఇంకోటుంది. ఆయన కూతురు మంగతాయారుగారు కూడా ఫిడేలు విద్వాంసురాలయ్యారు. పక్కన ఆడవాళ్లు వాయిస్తే మేం పాడం అనే మగ గాయకులున్న కాలమది. ఆడపిల్లకి వీణ చాలు, పెళ్లిచూపుల్లో నాలుగు కీర్తనలొస్తే చాలు అనుకునే కాలం. అన్న తన చేతికిచ్చిన కమానుని నాయుడుగారు కొడుక్కే కాదు, కూతురి చేతికీ ఇచ్చారు.

1964 నవంబరు 25న నాయుడుగారు కన్నుమూశారు. 1993లో, పుట్టి నూరేళ్లయిన సందర్భంగా, ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. ఆయన పనిచేసిన కాలేజీకి 2019లో నూరేళ్లు నిండాయి.

మా అమ్మాయి విద్వాంసురాలేం కాలేదు, ఆ ఆశతో నేను ఈ కథ చెప్పలేదు కూడా. ఆ రోజు రైలు మా ఊరు చేరేలోగా అది నన్ను ఒకే ఒక్కటి అడిగింది. వాళ్లన్నయ్య ఫిడేలు ఇవ్వకపోతే ఆయన ఏమైపోయేవారమ్మా అని. నాకు జవాబు రాలేదు. మర్నాడు దాని బళ్లోకి వెళ్లి ముందు బెంచీలో కూర్చోబెట్టమని అడిగి వచ్చాను. అంతకుముందే వెళ్లి ఉండాల్సింది.