ఒళ్లో పసిపాప.. చేతిలో ఇంజినీరింగ్ పట్టా: ఎ. లలిత జీవితం

మన దేశంలో ఎలక్ట్రికల్ ఇంజినీర్ అయిన తొలి మహిళ అయ్యలసోమయాజుల లలిత. తెలుగింటి ఆడపడుచు. 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఏడుగురు పిల్లల్లో లలిత ఐదో సంతానం.

చదువుకున్న కుటుంబమే అయినా ఆ రోజుల ఆచారం ప్రకారం 15 ఏళ్లకే పెళ్లి చేశారు. 1937లో భర్త చనిపోయారు. అప్పటికి ఆమె వయసు 18, పాప వయసు నాలుగు నెలలు. ఆనాటి సమాజంలో వితంతువు అంటే మూల గదికే పరిమితం. లలిత మాత్రం పుట్టింటికి వచ్చి మళ్లీ పుస్తకం పట్టారు.

క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్ పూర్తి చేశారు. తర్వాత ఏం చదవాలి? డాక్టర్ అయితే అర్ధరాత్రి పిలుపు వచ్చినా బిడ్డను వదిలి వెళ్లాలి. అది ఆమెకు ఇష్టం లేదు. సాయంత్రానికి ఇల్లు చేరే ఉద్యోగం కావాలి. అందుకే ఇంజినీరింగ్ ఎంచుకున్నారు. కానీ గిండీలో అప్పటిదాకా ఆడపిల్లలే లేరు. తండ్రి ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో మాట్లాడి ఒప్పించారు. పై అధికారుల నుంచి కూడా అనుమతి వచ్చింది. వందలాది అబ్బాయిల మధ్య ఒక్కరే అమ్మాయి! ఆ తర్వాత పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ సివిల్‌ విభాగంలో చేరారు. పట్టా కాగితం మగవాళ్ల కోసమే అచ్చయింది కాబట్టి, అందులో 'అతడు' అన్నచోట కొట్టేసి 'ఆమె' అని రాసి ఇవ్వాల్సి వచ్చింది.

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో శిక్షణ, సిమ్లాలో ప్రభుత్వ ఉద్యోగం, కొంతకాలం తండ్రి పరిశోధనల్లో సాయం. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. ఊళ్లు తిరిగే సైట్ పనులు కాకుండా డిజైన్ పని తీసుకున్నారు. ఇదీ పాప కోసమే. ఇంట్లో బంధువులు పాపను చూసుకున్నారు. ఆఫీసులో ఆమె కరెంటు సరఫరా లైన్లు డిజైన్ చేశారు. భాక్రా నంగల్ డ్యామ్ జనరేటర్ల పనిలోనూ ఆమె చేయి ఉంది.

1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజినీర్లు, సైంటిస్టుల సదస్సుకు వెళ్లారు. మరుసటి ఏడాది లండన్ ఉమెన్స్ ఇంజినీరింగ్ సొసైటీలో పూర్తి సభ్యత్వం దక్కింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కూతుర్ని చదివించి ప్రయోజకురాలిని చేశారు. 1979 అక్టోబర్ 12న, 60 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

బిడ్డ కోసం ఉద్యోగం మానలేదు, ఉద్యోగం కోసం బిడ్డను వదల్లేదు. రెండూ సాగే దారి వెతుక్కున్నారు. ఆ దారిలో మొదటి తలుపు తట్టింది మాత్రం కన్నతండ్రే.