గేటు కాపలా హంపన్న

గుంతకల్లు మీదుగా రైల్లో వెళ్లే ఆడవాళ్లం హంపన్నను ఒక్కసారైనా తలుచుకోవాలంటాను నేను. ఆయన నాయకుడూ కాదు, జమీందారూ కాదు. రైల్వే గేటు కాపలావాడు.

1893 అక్టోబరు 4న తెల్ల సోల్జర్లు కొందరు గుంతకల్లు దగ్గర ఇద్దరు ఆడవాళ్ల వెంటపడ్డారు. వాళ్లు పరుగెత్తుకొచ్చి గేటు గదిలో దూరారు. హంపన్న అడ్డం నిలబడ్డాడు. సోల్జరు తుపాకీ పేల్చాడు. ఆ గాయంతోనే హంపన్న ప్రాణం పోయింది.

గుత్తి వకీలు కేశవపిళ్లై ఈ ఘోరాన్ని పత్రికకెక్కించారు. మద్రాసులో విచారణ జరిగింది. చివరికేమైంది? సోల్జరు నిర్దోషని వదిలేశారు! హంపన్నను మెచ్చినవాళ్లు మాత్రం ఆయన పేరిట స్మారక శిల నిలిపారు.

నా మనసు ఆ ఇద్దరాడవాళ్ల మీదికే పోతుంది. తమకోసం ఒకడు చచ్చిపోతే ఆ దడ ఎన్నాళ్లుంటుందో! ఆనాటి క్రిమినల్ చట్టంలో పరిహారమంటే ముద్దాయికి వేసిన జరిమానాలోంచే. శిక్షే పడకపోతే జరిమానా ఎక్కడిది?

ఇప్పుడలా కాదు. మనసుకు తగిలిన దెబ్బనూ చట్టం హానిగానే చూస్తుంది. 2023 నాటి నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ ప్రకారం, ముద్దాయి విడుదలైనా బాధితురాలికి పరిహారమివ్వమని కోర్టు సిఫారసు చేయొచ్చు. ఇంట్లో హింసైతే 2005 గృహహింస చట్టం 22వ సెక్షన్ కింద మానసిక క్షోభకు మేజిస్ట్రేటు పరిహారం ఇప్పించొచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్తే ఆడవాళ్లకు వకీలు సాయం ఉచితం.

డబ్బుకు ఆశపడిందంటారేమోనని జంకకండి. అడగండి.