అక్క చదువు తర్వాతే...

మేడమ్ క్యూరీ అంటే మనకు రేడియమే గుర్తొస్తుంది. 1867లో వార్సాలో పుట్టిన ఈ మరియాకి పదేళ్లకే తల్లి పోయింది. అక్కడి యూనివర్సిటీలో ఆడపిల్లల్ని చేర్చుకోరు. తండ్రిది బడిపంతులు ఉద్యోగం. అక్క బ్రోన్యా, తనూ ఓ మాట అనుకున్నారు. ముందు అక్క పారిస్ వెళ్లి డాక్టరు కావాలి, తర్వాత చెల్లెల్ని చదివించాలి.

పద్దెనిమిదేళ్ల మరియా పరాయి ఇంట్లో ఉండి, వాళ్ల పిల్లలకు పాఠాలు చెప్పి అక్కకు డబ్బు పంపింది. తన వంతు వచ్చేసరికి 1891. ఇరవై నాలుగేళ్లు.

పారిస్‌లో అక్కాబావల దగ్గర దిగింది. కాలేజీ దూరమని కొన్నాళ్లకే పైకప్పు కింద చిన్న గది అద్దెకు తీసుకుంది. చలికి ఉన్న బట్టలన్నీ కప్పుకుని పడుకునేది. 1893లో ఫిజిక్స్‌లో ఫస్టు వచ్చింది. 1903లో, 1911లో నోబెల్ బహుమతులు అందుకుంది.

పై ఊళ్లో చదువుకుంటానని మనమ్మాయి అడిగినప్పుడు, ఒంటరిగా ఎలా ఉంటావే అనేముందు ఆ గదిని ఓసారి తల్చుకుందాం. ఆ అక్కనీ మరిచిపోవద్దు.