మన మాటకు విలువ తెచ్చిన మాస్టారు – గిడుగు రామమూర్తి పంతులు

ప్రతి ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటోకి దండ వేస్తాం, పెద్దలు మాట్లాడతారు, చప్పట్లు కొట్టి గదులకు వెళ్ళిపోతాం. ఆయన ఏం చేశారని ఎవరైనా అడిగితే వాడుక భాషా ఉద్యమ పితామహుడు అనే బిట్టు జవాబు తప్ప మన దగ్గర ఇంకేమీ ఉండదు. పోటీ పరీక్షకు అది చాలు. కానీ ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా చూసిన మనలాంటి వాళ్ళకు ఆయన జీవితంలో అంతకంటే పెద్ద పాఠమే ఉంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాస్తున్నాం.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. విజయనగరంలో ఉండి చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావు గారు ఆయనకు సహాధ్యాయి. మెట్రిక్ పాసైన వెంటనే 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఇల్లు గడవాలి కాబట్టి కాలేజీకి వెళ్ళి చదివే వీలు లేకపోయింది. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ., ఆ తర్వాత బి.ఏ. పూర్తి చేశారు. పార్ట్ టైం పనులు చేసుకుంటూ చదివే మన మిత్రులకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి.

బడిలో ఆయన చెప్పింది చరిత్ర. చెప్పే పాఠానికి ఆధారం కావాలనుకొని పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. ముఖలింగం గుడిలోని శాసనాలు చదివి గాంగ రాజుల చరిత్ర మీద ఇంగ్లీషులో వ్యాసాలు రాశారు. ఏ మాట చెప్పినా చేతిలో ఆధారం ఉండాలనే అలవాటు ఆయనకు అక్కడే అబ్బింది.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ళది తెలుగుతో చుట్టరికం లేని ముండా కుటుంబానికి చెందిన భాష. అప్పటికి దానికి లిపి లేదు. వాళ్ళకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ భాష తాను నేర్చుకోవాలని రామమూర్తి గారు నిర్ణయించుకున్నారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకొని ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ళకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి బహుమతి ధనం ఇవ్వబోతే, అది తనకు వద్దనీ ఆ డబ్బుతో సవరలకు మంచి బడి పెట్టమనీ అడిగారు. కొండల్లో తిరిగినప్పుడు జ్వరాలకు వాడిన క్వినైను వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. అది జీవితాంతం పోలేదు. అయినా పని ఆపలేదు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

తెలుగు సంగతి 1907లో మొదలైంది. ఆ ఏడు ఉత్తర కోస్తా జిల్లాలకు బడుల తనిఖీ అధికారిగా జె.ఎ. యేట్స్ వచ్చారు. పుస్తకంలో తెలుగు ఒకటి, వీధిలో తెలుగు ఇంకొకటి ఎందుకుందని ఆయనకు సందేహం వచ్చింది. ఆ ప్రశ్న రామమూర్తి గారిని పట్టుకొని వదల్లేదు. సవర పిల్లవాడికి సవరలో చెప్పాలని తెలిసిన మాస్టారు, తెలుగు పిల్లవాడికి తెలియని తెలుగులో పాఠం చెప్పడం ఏమిటని ఆలోచించకుండా ఎలా ఉంటారు?

ముప్పై ఏళ్ళ ఉద్యోగం తర్వాత 1911లో రిటైరయ్యారు. చాలామంది విశ్రాంతి తీసుకునే వయసులో ఆయన అసలు పని ఊపందుకుంది. స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసం వాడుక భాషలోనూ రాయవచ్చని 1912–13లో ప్రభుత్వం ఒప్పుకుంది. పండితులు గట్టిగా వ్యతిరేకించడంతో కొద్దికాలానికే వెనక్కి తగ్గింది. అప్పటి నుంచి రామమూర్తి గారు సభ ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్ళారు. పాత కావ్యాలు, శాసనాలు, వ్యాఖ్యానాలు, తనను ఎదిరించే పండితుల పుస్తకాలు కూడా క్షుణ్ణంగా చదివారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టే వాళ్ళ పుస్తకాల్లోనే ఆ నియమాలు ఎక్కడెక్కడ తప్పాయో ఎత్తి చూపేవారు.

1919లో రాజమండ్రిలో వాడుక భాష కోసం ఒక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులు, రామమూర్తి గారు కార్యదర్శి. ఆ ఏడే తెలుగు అనే మాసపత్రిక నడిపారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుక భాష మీద నిషేధం ఎత్తేసింది. 1925లో తణుకు సభలో ఆయన పుస్తకాల నుంచి ఆధారాలు చూపిస్తూ నాలుగు గంటలు మాట్లాడి సభను ఒప్పించారు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. చెవులు సరిగా వినపడవు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో కలిసినప్పుడు, యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఆ ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 15న ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులకు వాడుక భాష కోసం చివరి విన్నపం చేశారు. వారం తిరిగేసరికి, జనవరి 22న కన్నుమూశారు. ఈ రోజు మనం పేపరు చదువుతున్నా, పరీక్ష రాస్తున్నా, ఈ సంచికలో ఈ వ్యాసం రాస్తున్నా అందులో ఆయన కష్టం ఉంది.

అయితే ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆయన గెలిపించింది శిష్ట వ్యావహారికాన్ని, అంటే చదువుకున్న వాళ్ళ మాటను. ఆ రోజుల్లో చదువుకున్న వాళ్ళు ఎవరో మనకు తెలుసు. మన వాడల్లో, గూడేల్లో, తండాల్లో అమ్మలు మాట్లాడే మాట అందులో లేదు. అందుకే మనలో చాలామందిమి ఇంటి మాట నోట్లోనే మింగి క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాం. జవాబు తెలిసినా, యాసకు నవ్వుతారని చెయ్యి ఎత్తలేదు. ఈ లోటు చెప్పడం ఆయన్ని తక్కువ చేయడం కాదు. సవరల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మాట నేర్చుకుని, ఆ మాటలోనే బడి పెట్టింది కూడా ఆయనే. ఆ దారిలో మిగిలిన నడక మనది.

కాబట్టి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా మనవి ఒక్కటే. ఆదివారం సాయంత్రం స్టడీ అవర్ లో ఒక గంట తీయండి. ఒక్కొక్కరు ఒక పుస్తకం చదివి, అందులో ఏముందో లేచి నిలబడి మీ ఇంటి మాటలోనే చెప్పండి. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో పేజీ చూపించి చెప్పండి. ఎవరి యాసకూ ఎవరూ నవ్వకండి. పక్కన సవర మిత్రుడో, కోయ మిత్రుడో ఉంటే వాళ్ళ భాషలో నాలుగు మాటలు నేర్చుకోండి. ఆ మాస్టారికి మనం చేయగలిగిన సన్మానం ఫొటోకి వేసే దండ కంటే అదే.