భాస్కర భవదూరుడు

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనాలను అడ్డగించడం వల్ల మేఘం ఇక్కడికి వచ్చేసరికే రిక్తమవుతుంది. ఇట్టి సీమలో చెరువే ప్రాణాధారం. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కాలంలో, 1364లో, చిక్కప్ప ఒడయరు అనంతపురం చెరువును కట్టించాడని ప్రసిద్ధి. ఆ బుక్కరాయల కుమారుడే భాస్కరుడు. భవదూరుడని ఆయనకు మరో పేరు.

భాస్కరుడు ఉదయగిరి దుర్గం నుండి రాజ్యంలోని తూర్పు భాగాన్ని పాలించాడు. రాజకుమారులకు యుద్ధాలతో కీర్తి గడించడం పరిపాటి. ఈయన కీర్తి నీటితో ముడిపడింది. సప్తసంతానాలలో తటాకం ఒకటని మన పూర్వుల విశ్వాసం. భాస్కరుడు నేటి కడప జిల్లాలోని పోరుమామిళ్ల వద్ద అనంతరాజ సాగరమనే మహాతటాకాన్ని నిర్మింపజేశాడు. రోజుకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల శ్రమ! వెచ్చించిన ధనధాన్యాలకు లెక్కే లేదు. కట్ట పొడవు ఐదువేల రేఖాదండాలు, వెడల్పు ఎనిమిది, ఎత్తు ఏడు.

1369లో భాస్కరుడు వేయించిన సంస్కృత శాసనం ఆయన దానశీలాన్ని పొగిడి ఊరుకోలేదు. అది చెరువుల శాస్త్రాన్ని కూడా చెప్పింది. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు కావాలి. మొదటిది ధర్మపరుడైన ప్రభువు; రెండవది పాథశ్శాస్త్రం, అనగా జలశాస్త్రం తెలిసిన పండితుడు. రాజు సంకల్పించినా విద్వాంసుడు లేనిదే కట్ట నిలువదన్నమాట. గట్టి బంకనేల, తియ్యని నీటిని తెచ్చే ఏరు, ఇరుప్రక్కల కొండ, వాటి నడుమ దిట్టమైన రాతికట్ట, లోతైన విశాలగర్భం, నిడుపాటి రాళ్లు దొరికే గని, నేర్పరులైన పనివారు తక్కిన వాటిలో కొన్ని.

దోషాలు ఆరు. కట్టనుండి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ తాబేటి వీపువలె మెరక ఉండడం మొదటి చూపుకే తెలిసేవి. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం దోషమే. నీరు ఎక్కువై పొలం తక్కువైనా దోషమే. నీటికీ నేలకూ సమతూకం ఉండాలని ఆరువందల ఏళ్లకు పూర్వమే గుర్తించారు. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండరాదనడం ఆరవది. ఇది నేలను బట్టి గాక మనుషులను బట్టి చెప్పిన దోషం. నదీజలాల తగవులు చూసినవారికి దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఈ శాసనశిలలు పోరుమామిళ్ల భైరవాలయం ఎదుట ఉన్నాయి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ ఈ చెరువును వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది.