డాక్టరు అంబేద్కరుగారి జీవితము: హక్కును చేజిక్కించుకొను మార్గము

హక్కు కలదనుట వేరు. ఆ హక్కును అనుభవించుట వేరు. ఈ రెంటి నడుమ గల దూరమును తమ జీవితకాలమంతయు కొలిచి, దానిని తగ్గించుటకు చట్టమునే సాధనముగా గైకొన్న మహాపురుషులు డాక్టరు భీమరావు రాంజీ అంబేద్కరుగారు. వారు రాజ్యాంగ నిర్మాతలని చిన్నపిల్లలు సైతము ఎరుగుదురు. కాని రాజ్యాంగమునందలి ఏ మాట ఏ బాధనుండి పుట్టినదో ఎరిగినవారు తక్కువ. ఒక చెరువు నీటికై పది సంవత్సరములు సాగిన వ్యాజ్యమొకటి వారి జీవితమునందు కలదు. ఆ వ్యాజ్యమును గ్రహించినచో వారి రాజ్యాంగసేవ యంతయు సుబోధమగును. కావున ఈ వ్యాసమున ఆ కథకే ప్రాధాన్యమిచ్చుచున్నాము.

అంబేద్కరుగారు 1891 ఏప్రిల్ 14 న మధ్యభారతమునందలి మౌ అను సైనికనివాసమున జన్మించిరి. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యమున సుబేదారు, తల్లి భీమాబాయి. దంపతుల పదునలుగురు బిడ్డలలో వీరే కడపటివారు. పూర్వికులది కొంకణమునందలి రత్నగిరి జిల్లా, కులము మహరు. సతారా బడిలో చదువుకొను దినములలో వీరు తక్కిన బాలురకు దూరముగా, ఇంటినుండి తెచ్చుకొన్న గోనెపట్టాపై కూర్చుండవలసి వచ్చెను. దాహమైనచో కుళాయిని ముట్టరాదు. బంట్రోతు వచ్చి తిప్పవలెను. బంట్రోతు రానినాడు నీరును లేదు. బడి సర్కారుది, కుళాయి సర్కారుది. అయినను దాహము తీరుట ఒక బంట్రోతు దయమీద ఆధారపడియుండెను. దయ వేరు, హక్కు వేరు అను పాఠమును ఆ బాలుడు పుస్తకములకంటె ముందు ఆ కుళాయియొద్దనే నేర్చెను.

1907 లో మెట్రిక్యులేషనును, 1912 లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో బి. ఏ. పట్టమును పొందిరి. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఒసగిన విద్యార్థివేతనముతో 1913 లో అమెరికా వెడలి కొలంబియా విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము నభ్యసించిరి. పిమ్మట లండనునకు జని అచ్చటను అర్థశాస్త్రమునే చదువుచు, గ్రేస్ ఇన్ నందు న్యాయశాస్త్రమున ప్రవేశించిరి. 1917 లో ఒప్పందము ప్రకారము బరోడా కొలువునకు వచ్చినప్పుడు, అంతటి విద్వాంసునకు ఆ నగరమున తల దాచుకొన ఇల్లు దొరకలేదు. కొలువు వదలి బొంబాయి చేరి, కొంతకాలము అధ్యాపకులుగా పనిచేసి, తిరిగి లండను వెడలి, 1923 నాటికి డి. ఎస్‌సి. పట్టముతోను, బారిస్టరు పట్టముతోను స్వదేశము చేరి బొంబాయిలో న్యాయవాదవృత్తి ప్రారంభించిరి.

అదే 1923 ఆగస్టు 4 న బొంబాయి శాసనమండలి, ఎస్. కె. బోలేగారు ప్రతిపాదించిన తీర్మానము నొకదానిని ఆమోదించెను. ప్రభుత్వధనముతో నిర్మింపబడి పోషింపబడు బావులు, చెరువులు, ధర్మశాలలు, బడులు, న్యాయస్థానములు, వైద్యశాలలు మున్నగునవి అస్పృశ్యులనబడు వారికిని తెరచియుంచవలెనని దాని సారాంశము. కొలాబా జిల్లాలోని మహద్ పట్టణ పురపాలకసంఘము 1924 లో తమ చవదార్ చెరువును అందరకు తెరచితిమని ప్రకటించెను. కాని మూడేండ్లు గడచినను ఆ చెరువునుండి ఒక్క మహరు వాడును కడవ ముంచుకొనలేదు. తీర్మానము కాగితముపై నుండెను. భయము గట్టుపై నుండెను.

1927 మార్చి 20 న అంబేద్కరుగారు వేలకొలది జనముతో ఊరేగింపుగా వెడలి చెరువులోని నీటిని దోసిట త్రాగిరి. వెనువెంటనే వారి అనుచరులపై దాడి జరిగెను, పలువురు గాయపడిరి. పిదప కొందరు 108 కడవలతో చెరువునకు శుద్ధి జరిపిరి. ఆగస్టులో పురపాలకసంఘము తన పూర్వతీర్మానమును రద్దుపరచుకొనెను. డిసెంబరులో మరల సత్యాగ్రహము జరుపదలచినంతలో, ప్రతిపక్షులు మహద్ సివిలు కోర్టులో దావా వేసి తాత్కాలిక నిషేధపుటుత్తరువు తెచ్చిరి. డిసెంబరు 25 న మహాసభ కూడెను. చెరువునకు కదలవలెనని జనము ఉత్సాహపడుచుండెను. ఆ సభలోనే మనుస్మృతిని దహించిరి. అయినను అంబేద్కరుగారు కోర్టు ఉత్తరువును మీరవలదని నిశ్చయించి, జనమును ఒప్పించి వెనుకకు మరల్చిరి. ధర్మశాస్త్రమును దహించిన చేతులే న్యాయస్థానపుటుత్తరువునకు తలయొగ్గుట కొందరకు వింతగా దోచవచ్చును. కాని అందు పరస్పరవిరోధము లేదు. ఒకటి తమపై మోపబడిన శాసనము. రెండవది తాము గెలిచి తమదిగా చేసికొనదగిన సాధనము.

దావాలో వాదుల పలుకు ఇది: చెరువు సవర్ణులకు మాత్రమే చెందినది, అస్పృశ్యులను రానీయకుండుట అనాదిసిద్ధమైన ఆచారము. మహద్ కోర్టు 1931 లో దావాను కొట్టివేసెను. ఠాణా కోర్టు 1933 లో అప్పీలును త్రోసిపుచ్చెను. తుదకు 1937 మార్చి 17 న బొంబాయి హైకోర్టు ఆ తీర్పునే ఖాయపరచెను. దోసిలి నీరు త్రాగిన దినమునకును తుదితీర్పునకును నడుమ మూడు దినములు తక్కువగా పది సంవత్సరములు కడచెను.

జయము లభించెను, సందేహము లేదు. అయితే ఆ తీర్పు దేనిపై నిలిచినది? చెరువు పురపాలకసంఘమునకు చెందినదనియు, వాదులు చెప్పిన ఆచారము అనాదియని రుజువు కాలేదనియు న్యాయమూర్తులు నిర్ణయించిరి. రుజువైయుండినచో అట్టి ఆచారము న్యాయసమ్మతమా కాదా యను ప్రశ్న మిగిలిపోయెను; దానిని తేల్చవలసిన అవసరము వారికి కలుగలేదు. అనగా దాహము గొన్న మనుష్యుని నీటిహక్కు, ప్రతిపక్షుని సాక్ష్యము చాలకపోవుటపై ఆధారపడెను. ఇంకొక ఊరిలో సాక్ష్యము బలముగా నుండినచో ఏమగును? ఆచారమెంత ప్రాతదైనను చెల్లనేరదని దేశముయొక్క మూలశాసనమే పలుకనిచో, ప్రతి చెరువునకు ఒక వ్యాజ్యము, ప్రతి వ్యాజ్యమునకు పదేండ్లు తప్పవు.

1942 మొదలు 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మికశాఖను నిర్వహించి, కర్మాగారములలో వారమునకు 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించు చట్టమునకు వారు కారకులైరి. 1947 లో రాజ్యాంగసభకై రచించిన విజ్ఞాపనపత్రమున వారింకను ముందునకు బోయిరి. మూలపరిశ్రమలును, భీమా వ్యాపారమును, వ్యవసాయభూమియు ప్రభుత్వస్వామ్యమున నుండవలెననియు, భూమిని కులమతభేదము లేక గ్రామస్థులకు సేద్యమునకీయవలెననియు, ఇది రాబోవు ప్రభుత్వముల ఇచ్ఛకు వదలక రాజ్యాంగముననే లిఖింపవలెననియు కోరిరి. ఆ కోర్కె నెరవేరలేదు. 1947 ఆగస్టు 29 న ఏర్పడిన రాజ్యాంగ ముసాయిదా సంఘమునకు వారు అధ్యక్షులైరి. నెల్లూరు మండలమున జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు అందు సభ్యులు.

ఇప్పుడు రాజ్యాంగము 15 వ అధికరణమును తెరచి చూడుడు. ప్రభుత్వధనముతో పోషింపబడు బావులు, చెరువులు, స్నానఘట్టములు, రహదారులు కులకారణమున ఎవ్వరికిని నిషేధింపరాదని అందు గలదు. 1923 నాటి తీర్మానము, మహద్ చెరువుగట్టు అందు కనబడుటలేదా? 17 వ అధికరణము అస్పృశ్యతను రూపుమాపెను. ఇక ఆచారముయొక్క వయస్సును విచారింప బనిలేదు. 23 వ అధికరణము వెట్టిని నిషేధించెను. వీటన్నిటికిని తాళపుచెవి 32 వ అధికరణము: హక్కునకు భంగము గలిగినవాడు నేరుగా సుప్రీముకోర్టు తలుపు తట్టవచ్చును. రాజ్యాంగమునకు ప్రాణమువంటిదిగా అంబేద్కరుగారు ఎన్నుకొన్న అధికరణ మిదియే.

కాని కూలి, కూడు, చదువు, ఆరోగ్యము మున్నగునవి అధికభాగము ఆదేశసూత్రములను వేరొక భాగమున జేరెను. వాటిని కోర్టుద్వారా అమలు జరుప వీలులేదని 37 వ అధికరణము చెప్పుచున్నది. ఓటర్లకు జవాబు చెప్పుకొనవలసిన ప్రభుత్వము వాటిని ఉపేక్షింపజాలదని వారు సమర్థించిరి. అయినను 1949 నవంబరు 25 న, రాజకీయమున సమానత్వము, సంఘమునను ఆర్థికమునను అసమానత్వము గల ఈ వైరుధ్యమును త్వరగా తొలగింపనిచో ప్రజాస్వామ్యసౌధమే కూలునని సభను హెచ్చరించిరి. 1951 లో హిందూకోడు బిల్లు మూలపడినందున మంత్రిపదవిని త్యజించిరి. 1956 అక్టోబరు 14 న నాగపురమున బౌద్ధము స్వీకరించి, అదే యేడు డిసెంబరు 6 న ఢిల్లీలో పరమపదించిరి.

వారి యనంతరము ఆ గోడకు క్రమముగా ద్వారములు పడినవి. ఆర్థిక, సాంఘిక హక్కులను గూర్చిన 1966 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశము 1979 లో చేరెను. కనీసవేతనమునకు తక్కువగా పని చేయించుట 23 వ అధికరణము నిషేధించిన వెట్టియేయని సుప్రీముకోర్టు 1982 లో తీర్పు చెప్పెను. 1993 లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కక్షిదారుగానున్న ఉన్నికృష్ణన్ కేసులో, పదునాలుగేండ్లవరకు విద్య ప్రాథమికహక్కని నిర్ణయించెను. 2001 లో ప్రభుత్వపు బడులలో వండిన మధ్యాహ్నభోజనము పెట్టవలెనని ఉత్తరువు చేసెను. అయితే కాలమును గమనింపుడు. పదేండ్లలోపల ఉచితనిర్బంధవిద్య నీయవలెనని 1950 లో వ్రాసికొన్న మాట, అమలుకు వచ్చు చట్టమై 2010 ఏప్రిల్ 1 నాటికి గాని మనలను చేరలేదు.

మన తెలుగుసీమయందే మరియొక చెరువు కలదు. 1985 జూలైలో నాటి ప్రకాశము జిల్లా కారంచేడున, దళితులు త్రాగు నీటిచెరువును మలినపరచుటపై ఆక్షేపణ జెప్పగా పుట్టిన కలహమున, జూలై 17 న ఆరుగురు దళితులు హతులైరి. 15 వ, 17 వ అధికరణములు అప్పటికి ముప్పదియైదేండ్లుగా పుస్తకమున నున్నవి. సుప్రీముకోర్టు తీర్పు 2008 లో వెలువడెను. మహద్ పదేండ్లు, కారంచేడు ఇరువదిమూడేండ్లు.

హక్కు వ్రాసియుండినంత మాత్రమున నీరు కడవలోనికి రాదు. పదేండ్లు నిలువగల ఓర్పు, వకీలునకు ఫీజు, సాక్షికి రక్షణ, వాయిదానాడు పోయిన కూలికి బదులు కూలి కావలెను. బీదవాడు ఒంటరిగా వీనిని సమకూర్చుకొనలేడు, సంఘము సమకూర్పగలదు. మహద్ ప్రజలకు అంబేద్కరు వంటి బారిస్టరు తోడుండిరి. ప్రతి తాలూకాలోను అట్టివారిని తయారుచేయుట, వ్యాజ్యము తుదిదాక వెంటనుండుట మహాసభల ప్రథమకర్తవ్యము. విగ్రహమునకు వేయు పూలమాల సాయంకాలమునకు వాడిపోవును. ఒక కూలివాని రావలసిన వేతనమును రాబట్టిన కాగితము అతని బిడ్డలచేతికి చేరును.