మాదన్నపేటకు పేరిచ్చిన మంత్రి
పన్నెండేళ్ల అధికారం - నడివీధిలో హత్య

హైదరాబాద్ పాతబస్తీలో సైదాబాద్ పక్కనున్న మాదన్నపేట పేరు జిల్లాలో వినని వారుండరు. అయితే ఆ పేట ఎవరి పేర వెలసిందో తెలిసినవారు తక్కువ. గోల్కొండ చివరి సుల్తాను తానీషాకు ప్రధానమంత్రిగా ఉండి, 1686లో నడివీధిలో హత్యకు గురైన మాదన్న పంతులు పేరు మీదనే అది వచ్చిందని పెద్దలు చెబుతారు.

గుమాస్తా నుంచి మంత్రిగా

మాదన్నది హన్మకొండ ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబమని, తండ్రి భానూజీ పంతులని ప్రతీతి. ఆస్తిపాస్తుల బలం లేకపోయినా లెక్కల్లో దిట్ట. సోదరుడు అక్కన్నతో కలిసి సర్కారు కచేరీల్లో చిన్న ఉద్యోగిగా చేరి, క్రమంగా సయ్యద్ ముజఫర్ అనే పెద్ద అమీరుకు కుడిభుజమయ్యారు.

1672లో అబ్దుల్లా కుతుబ్‌షా మరణించగా అల్లుళ్ల మధ్య గద్దె కోసం తగవు వచ్చింది. ముజఫర్ అండతో చిన్నల్లుడు అబుల్ హసన్ సుల్తానయ్యారు. ఆయనే తానీషా. ముజఫర్ పెత్తనం మితిమీరడంతో తానీషా ఆయనను తప్పించదలచారు. ఈ పనిలో తోడ్పడిన మాదన్నకు 1674 నాటికి ప్రధానమంత్రి పదవి, సూర్యప్రకాశరావు అనే బిరుదు దక్కాయి. అక్కన్నకు కూడా పెద్ద బాధ్యతలు అప్పగించారు.

శిస్తులు, బంధువులు

ఆ రోజుల్లో శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేవారు. గుత్తదారు ఒప్పుకున్న పైకం ఖజానాకు కట్టి, ఆపైన రాబట్టుకున్నది తాను ఉంచుకునేవాడు. చివరకు బరువంతా రైతు మీదే పడేది. మాదన్న ఈ పద్ధతిని మాన్పలేదు. పైగా పెద్ద పదవులన్నీ అయినవారికే ఇచ్చారని అమీర్లు, బందరులోని విదేశీ వర్తకులు ఆడిపోసుకున్నారు.

మాదన్న మేనల్లుడని చెప్పే కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉండి, సర్కారు సొమ్ముతో భద్రాచలంలో రామాలయం కట్టించి ఖైదు పాలయ్యారు. ఆయనే భక్త రామదాసు. మేనమామ మంత్రిగా ఉన్నా, ఖజానా లెక్క తేలేవరకు గోపన్నకు విడుదల లేకపోయిందని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

శివాజీతో ఒప్పందం

ఉత్తరాన మొగలు చక్రవర్తి ఔరంగజేబు గోల్కొండపై కన్నేశాడు. ఒంటరిగా ఎదుర్కోలేమని గ్రహించిన మాదన్న మరాఠాలతో స్నేహం కోరారు. 1677లో శివాజీ హైదరాబాద్ వచ్చి తానీషాను కలిశారు. శివాజీ దక్షిణ దండయాత్రకు గోల్కొండ పైకం, సాయం ఇవ్వాలని, గెలిచిన దానిలో గోల్కొండకు వాటా దక్కాలని ఒప్పందం. జింజి, వేలూరు కోటలు శివాజీ వశమయ్యాయి. వాటా మాత్రం గోల్కొండకు రాలేదు. సొమ్ము పోయింది, మొగలుల పగ మిగిలింది.

1685లో మొగలు సేనలు దండెత్తి వచ్చాయి. గోల్కొండ సేనాని మీర్ మహమ్మద్ ఇబ్రహీం శత్రువుతో చేయి కలిపాడు. తానీషా నగరం విడిచి కోటలో తలదాచుకోగా, హైదరాబాద్ లూటీ అయింది. మొగలులు పెట్టిన సంధి షరతుల్లో ముఖ్యమైనవి రెండు: కప్పం బకాయి చెల్లించాలి, అక్కన్న మాదన్నలను పదవుల నుంచి తొలగించాలి. తానీషా వెంటనే తొలగించలేదు.

తల తీసినా దక్కని రాజ్యం

రాజ్యానికి వచ్చిన కష్టానికంతటికీ ఈ అన్నదమ్ములే కారణమని అసూయతో ఉన్న అమీర్లు, అబ్దుల్లా కుతుబ్‌షా బేగములు కుట్ర పన్నారు. 1686లో ఒక రాత్రి దర్బారు నుంచి ఇంటికి వెళుతున్న సోదరులిద్దరినీ గోల్కొండ వీధిలో చంపించారు. వారి వారి ఇళ్లు దోపిడీకి గురయ్యాయి. మాదన్న తలను మొగలు శిబిరానికి పంపారు.

దీనితో రాజ్యం నిలుస్తుందని కుట్రదారులు ఆశించారు. ఔరంగజేబు కోరింది ఒక మంత్రి తల కాదు, రాజ్యమే. 1687 మొదట్లో ఆయన స్వయంగా కోటను ముట్టడించాడు. ఎనిమిది నెలలు లొంగని కోట, లంచం మేసిన ఒక అధికారి తలుపు తీయడంతో సెప్టెంబరులో పడిపోయింది. తానీషా 1699లో దౌలతాబాద్ కోటలో బందీగానే కన్నుమూశారు.

మాదన్న రాజ్యాన్ని ముంచాడన్నవారున్నారు, మతం కోసం బలయ్యాడన్నవారూ ఉన్నారు. ఆయనను నమ్మి పదవి ఇచ్చింది ముస్లిం సుల్తానే. పగబట్టింది, పదవులు పోగొట్టుకున్న దర్బారు పెద్దలు. ఆయన లోపాలు ఆయనకున్నా, మొగలుల ముప్పును ముందుగా పసిగట్టిన మంత్రి ఆయనే.

గోల్కొండ కోటలో అక్కన్న మాదన్నల కచేరీలను నేటికీ చూపుతారు. బెజవాడ కొండ కింది పురాతన గుహలను వారి పేరుతోనే పిలుస్తారు. హరిబౌలిలోని అక్కన్న మాదన్న మహంకాళి ఆలయం నుంచి ఏటా బోనాలకు ఘటాన్ని ఏనుగుపై ఊరేగిస్తారు.